చచ్చి లేచే పురుగుల దండు

మొన్న అటక సర్దుతుంటే మా చిన్నమ్మాయి కాలేజీ నాటి నోటుబుక్కు ఒకటి చేతికొచ్చింది. మధ్య పేజీ నిండా నల్ల పెన్నుతో పెట్టిన చుక్కలు. దూరం నుంచి చూస్తే మనిషంత ఎత్తున లేచిన మబ్బులా ఉన్నాయి. కింద ఎర్ర సిరాతో ‘చచ్చిన పురుగుల దండు, కత్తికి తెగదు’ అని రాసి ఉంది. హన్మకొండలోని మా ఇంట్లో, భోజనాల బల్ల మీద పుట్టిన దండు అది.

ఆ ఎండాకాలం మా అన్నను స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి మా ఊరి నుంచి తెచ్చి ఇంట్లో పెట్టుకున్నాం. వరసగా రెండేళ్లు ఆయన పత్తిని గులాబీ పురుగు తినేసింది. రెండో ఏడు సగం కాయలు పగలకుండానే పుచ్చిపోతే, ఏరడం మానేసి, చేను అలాగే వదిలేసి మంచం పట్టాడు. తినడం లేదని, మాట్లాడటం లేదని వదిన ఫోన్లో ఏడ్చింది. దవాఖానలో మందులిచ్చి, ఒంటరిగా వదలొద్దన్నారు. మా అన్న ఎంత మాటకారి అంటే, పెళ్లిళ్లలో పెళ్లికొడుకు కంటే ఆయన చుట్టూనే జనం ఎక్కువ ఉండేవాళ్లు. అలాంటి మనిషి మా ముందు గదిలో గోడవైపు తిరిగి కూర్చునేవాడు. పూర్వం నా పచ్చిపులుసుకు వంక పెట్టకుండా ముద్ద దిగేది కాదు ఆయనకు. ఒక్కసారి వంక పెడితే బాగుండునని రోజూ ఎదురుచూసేదాన్ని.

ఆదివారం మధ్యాహ్నాలు మా అమ్మాయి, తన స్నేహితులు ముగ్గురు పాచికలు ముందేసుకుని కూర్చునేవాళ్లు. మనకు తెలిసిన పచ్చీసు కాదది. ఒకరు కథ చెబుతారు. మిగిలినవాళ్లు ఆ కథలో మనుషులై, ఏం చేస్తారో చెప్పి పాచిక వేస్తారు. కథ చెప్పేది మా అమ్మాయి. మామ చేను చూసొచ్చాకే తనకు ఆ దండు తోచిందని నాకు తెలుసు. ఆయన వింటే మనసు నొచ్చుకుంటుందని, గొంతు తగ్గించమని సైగలు చేసేదాన్ని. ఆటలో పిల్లలు నిప్పు బాణాలేశారు, మంత్రాలేశారు. చచ్చి కుప్పపడ్డ పురుగులు వచ్చే ఆదివారానికి మళ్లీ లేచి ఊరి మీద పడేవి.

మూడో ఆదివారం వాళ్లు ఏ మంత్రం వేయాలా అని వాదులాడుకుంటుంటే, ముందు గదిలోంచి మా అన్న గొంతు వినిపించింది.

"ఎంత కొట్టినా అది సావదు బిడ్డా. పాత పత్తికట్టెల దాసుకుంటది. ఏరుడు అయినంక చేన్ల నిలవడ్డ కట్టె పీకి కాలవెట్టాలె. లేకుంటే మల్ల లేస్తది."

నేను గరిటె పట్టుకునే వంటింటి గుమ్మంలోకి వచ్చాను. మా అమ్మాయి మాత్రం తడబడకుండా, "ఆ చేను ఏడున్నది మామా?" అని అడిగింది. తను ఆటలోని చేను గురించే అడిగింది. ఆయన గోడవైపు నుంచి ఇటు తిరిగి, నన్ను చూసి అన్నాడు.

"మనదే చెల్లె. నేనింక పీకనే లేదు."

తెల్లారే బస్సెక్కుతానని పట్టుబట్టాడు. డాక్టర్‌ని అడిగితే, మందులు ఆపకుండా, తోడు మనుషులుంటే పోవచ్చన్నాడు. తోడుకు నేనూ, నలుగురు పిల్లలూ బయల్దేరాం. మూడు పొద్దులు అందరం కలిసి కట్టె పీకాం. ఆ పిల్లల్లో ఖిలా వరంగల్ నుంచి వచ్చిన అమ్మాయికి అరచేతులు బొబ్బలెక్కితే, మా అన్న తన తువ్వాల చింపి కట్టి, మొదలు దగ్గర ఎలా పట్టుకోవాలో నేర్పాడు. మంట లేచినప్పుడు పొగకో దేనికో వదిన కళ్లు తుడుచుకుంటూ నిలబడింది. ఆ పగలు అన్నంలో ఉప్పు తక్కువైందని ఆయన వదినను విసుక్కుంటే, వదినా, నేనూ ఒకరినొకరు చూసుకుని నవ్వాపుకోలేకపోయాం.

ఆ వానాకాలం పురుగుకు తిండి దొరక్కుండా ఆయన పత్తి మాని మక్క, కంది పెట్టాడు. మరుసటేడు సగం చేనులో పత్తి వేశాడు. పురుగు అసలు రాలేదని చెప్పను. వచ్చింది, కానీ ఈసారి ఆయన రోజూ పొద్దున్నే కాయ విప్పి చూసేవాడు, పక్క చేన్లవాళ్లను పిలిచి చూపించేవాడు. ఆయన గోడవైపు తిరిగి కూర్చున్న రోజుల్లో ఇక ఇంతేనేమో, దీనికి అంతు లేదేమో అనుకున్నాను. ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే, ఆయన అలా కూర్చున్నది అంతా కలిపి ఒక్క ఎండాకాలమే.