పసుపు ఆరేదాకా

పోయిన వారం జువ్వలదిన్నె నుంచి బోటు అన్న ఫోను చేశాడు. ఆయన్ని పేరుతో పిలిచే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు. బోటున్నవాళ్లు ఎంతమంది ఉన్నా మాకు బోటు అన్నంటే ఆయనొక్కడే. హార్బరులోకి వస్తుంటే పక్క బోటు వచ్చి గుద్దిందట, ఐసు గది వైపు చెక్క పగిలిందట, వడ్రంగులు దాన్ని ఊడదీస్తున్నారట. "ఒకసారి రా చెల్లెమ్మా. ఫోము పని సంగతి తరవాత చూసుకుందాంలే, ముందొచ్చి ఒకటి చూసిపో" అన్నాడు. ఏమిటన్నా అంటే చెప్పడు. బోగోలు నుంచి బండి మీద ఎంతసేపు! మాస్కూ కత్తీ సంచిలో వేసుకుని బయల్దేరాను. పెళ్లికి పిలిచినా నేను కత్తి లేకుండా కదలనని మావాళ్లు ఎగతాళి చేస్తుంటారు. దారి పొడుగునా ఆ బోటు, ఆ ఎండాకాలం, మా చిన్నాన్న గుర్తొస్తూనే ఉన్నారు.

బోటు కడుపులో ఐసు పోసే గది ఒకటి ఉంటుంది. వేటకెళ్లినవాళ్లు రోజుల తరబడి సముద్రం మీదే ఉంటారు కాబట్టి, పట్టిన చేప ఒడ్డుకొచ్చేదాకా బాగుండాలంటే ఆ ఐసు నిలవాలి. దాన్ని నిలిపేది బయటి చెక్కకీ లోపలి ఫైబరు రేకుకీ మధ్య కొట్టే ఫోము. కొట్టేటప్పుడు నురగ, గట్టిపడ్డాక గోడ. మా నాన్న తమ్ముడు, అంటే మా చిన్నాన్న, వయసులో మద్రాసు హార్బరుకి పోయి ఈ పని నేర్చుకుని, ఒక పాత మిషనుతో తిరిగొచ్చాడు. నేనప్పుడు రొయ్యల కంపెనీలో ఒలుపు పనికి పోయేదాన్ని. పొద్దస్తమానం ఐసులో నానిన వేళ్లతో ఇంటికొచ్చి, అన్నం కలుపుకుంటే వేడో చల్లనో తెలిసేది కాదు. ఒకరోజు మా కంపెనీలోనే చల్లగది గోడ పాడైతే బాగుచెయ్యడానికి చిన్నాన్న వచ్చాడు. మిషను గొట్టం చివరనున్న గన్ను నుంచి సన్నటి తుంపర పడ్డం, ఎండాకాలం దోసెపిండి పొంగినట్టు అది కళ్లముందే పొంగి గోడని కరుచుకోవడం చూసి, చేతిలో రొయ్య అలాగే పట్టుకుని నిలబడిపోయాను. ఆ సాయంత్రమే వాళ్లింటికెళ్లి నాకు నేర్పమని అడిగాను. "మాస్కులో మొగం కనపడదు పాపా, నీ పౌడరు దండగైపోతాది" అని నవ్వాడు. పౌడరు మానేస్తాను, నువ్వు నేర్పు అన్నాను.

నేర్పాడు కానీ, చాలాకాలం గన్ను మాత్రం ముట్టనివ్వలేదు. గుడ్డతో తుడవడం, గరుకు కాగితంతో రుద్దడం, మళ్లీ తుడవడం, ఇదే పని. తుడిచిన చోట తన అరచెయ్యి ఆనించి చూసి, మొహం తిప్పుకుని వెళ్లిపోతే ఇంకా తడి ఉన్నట్టు. తడి మీద కొడితే ఫోము బుడగలెత్తి గోడని వదిలేస్తుంది. ఇంట్లో అంట్లు తోమే పని తప్పించుకుని ఇక్కడికొచ్చి గోడలు తోముతున్నానని మా అమ్మ దెప్పేది. పని మొదలుపెట్టే ముందు, కలిస్తే ఫోమయ్యే రెండు డ్రమ్ముల మందూ సమంగా వస్తున్నదా లేదా అని అట్టముక్క మీద కొట్టి చూడాలి. ఒకటి తగ్గితే ఫోము జిగటగా ఉండిపోతుంది, ఇంకోటి తగ్గితే అప్పడంలా విరుగుతుంది. ఒకేసారి మందంగా కొట్టకూడదు, లోపల వేడి చిక్కుకుని మాడుతుంది. ఒక పొర కొట్టి, అది చల్లారాక ఇంకో పొర. ఎండాకాలంలో పడమటి గాలి వీచే పూట పొడిగా ఉంటుంది కనక అప్పుడే కొట్టాలి, మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగిందంటే మిషను ఆపెయ్యాలి. నేను తొందరపడ్డప్పుడల్లా "పొరుమై, పొరుమై" అనేవాడు. ఓపిక పట్టమని చెప్పడానికి ఆయనకి తెలుగు మాట దొరికేది కాదు. మద్రాసు నుంచి మిషనుతో పాటు ఆ ముక్క కూడా తెచ్చుకున్నాడు.

కొన్నాళ్లకి ఆయనకి ఆయాసం మొదలైంది. మాస్కులు సరిగా దొరకని రోజుల్లో చేసిన పని అది, ఊరికే పోతుందా. మిషను కొంటానని మద్రాసులో ఎవరో అడుగుతున్నారని నాకు తెలుసు. చర్చి నుంచి వస్తూ ఒక ఆదివారం నాతో ఉన్నమాట చెప్పేశాడు. "బోటు అన్న బోటు ఈసారి నువ్వే చెయ్యి. నేను గట్టున కూర్చోనుంటా, నోరు తెరవను. ఐసు నిలిచిందా, మిషను నీది. నిలవలేదా, మద్రాసాయనకి ఇచ్చేస్తా, నువ్వు పోయి రొయ్యలొలుచుకో." ఆ మాటకి నాకు కోపం వచ్చింది, భయమూ వేసింది. ఆ రాత్రి నా వేళ్లకేసి చూసుకుని, మళ్లీ ఆ ఐసు నీళ్లలో చెయ్యి పెట్టేది లేదని గట్టిగా అనుకున్నాను.

అది వేట నిషేధం కాలం. బోట్లన్నీ ఒడ్డుకి చేరి మరమ్మతుల్లో ఉన్నాయి. ఆడమనిషి ఫోము కొట్టడమేమిటని బోటు అన్న కాసేపు గొణిగాడు. "మిషనుకి మీసాల్లేవులే అన్నా" అన్నాను. గదికి ఫ్యాను పెట్టి ఆరబెట్టాను, తుడిచాను, రుద్దాను. ఒక ఉదయం పడమటి గాలి బాగుంది. కొట్టబోయే ముందు నాలుగు మెతుకులు తిని వద్దామని క్యారియరు తీసుకుని నేనూ చిన్నాన్నా పాక నీడకి పోయాం. ఆ కాస్త సందులో బోటు అన్న వాళ్లమ్మ, మేమంతా అవ్వా అని పిలిచే మనిషి, చెంబుతో పసుపునీళ్లు, వేపమండ తీసుకుని గదిలోకి దిగింది. బోటులో కొత్తగా ఏది చేయించినా ముందు ఇంటి పెద్దామె పసుపునీళ్లు చల్లాలి, వాళ్ల పద్ధతి అది. ఫోము కొట్టాక గోడ మళ్లీ కనపడదు కదా అని, ఏ మూలా వదలకుండా మనసారా చల్లి, వచ్చినంత నెమ్మదిగా వెళ్లిపోయింది. నేనొచ్చి మాస్కు తగిలించుకుని మసక వెలుతురులో గన్ను నొక్కాను. అరచేత్తో తాకి మరీ వెళ్లిన గోడ, మళ్లీ తాకాలని ఎవరికి తోస్తుంది!

మర్నాడు వేలి కణుపులతో తట్టుకుంటూ పోయాను. గట్టిగా కరుచుకున్న ఫోము టక్కుమంటుంది. ఇది డొల్లగా పలికింది. కత్తి దూర్చి లాగితే పలకకి పలక ఊడొచ్చింది, వెనక అంతా బుడగలు, బుడగల మధ్య పసుపు చారలు. చారలు చూడగానే ఏం జరిగిందో అర్థమైంది. బోటు అన్న తల పట్టుకున్నాడు. వాళ్లమ్మని ఏమీ అనలేడు, నన్నూ అనలేడు. చివరికి నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించి, "పైన రేకు వేసేస్తాం గదా, ఎవురికి కనపడతాది? నిషేధం అయిపోతా ఉండాది చెల్లెమ్మా. గమ్మున మూసేయ్" అన్నాడు. గొంతు ఎంత తగ్గించినా గట్టు మీద చిన్నాన్నకి వినపడింది. అన్నమాట ప్రకారం నోరు తెరవలేదు. నేనాయన వైపు చూడకూడదనుకున్నాను, చూడలేదు. "ఎవరికీ కనపడదు, నిజమే. నడిసముద్రంలో ఐసు కరిగినప్పుడు నీకు తెలుస్తాది. అంతా గీకేస్తా. మందు మళ్లీ తెప్పించు" అన్నాను. ఆయన కోపంగా వెళ్లిపోయాడు. నేను గదిలోకి దిగి గీకడం మొదలుపెట్టాను. చేతులు బొబ్బలెక్కాయి, ఒక్కదాన్నే కాసేపు ఏడ్చాను కూడా, కానీ గీకడం ఆపలేదు. ఊడిరాని ఫోము కూడా వదల్లేదు.

అవ్వకి సంగతి తెలిసి సాయంత్రం వచ్చింది. పైనుంచి గదిలోకి తొంగిచూసి, "నా చేత్తోనే చెడిపోయినాదా మే?" అంది. ఆ గొంతు విని నా కోపమంతా దిగిపోయింది. "చెడిపోలేదవ్వా, తడి ఆరలేదంతే" అన్నాను. అయినా పసుపు పడని గదితో కొడుకు సముద్రం మీదికి పోతాడన్న దిగులు ఆమె మొహంలో అలాగే ఉంది. నీళ్లు వద్దని చెప్పడం తేలిక. ఊరికే వద్దంటే ఆమెకి నిద్ర పట్టదని తెలుసు. బాగా ఆలోచించి, గోడంతా శుభ్రం చేశాక ఆమెని గదిలోకి దింపాను. ఒక మూల చెక్క చూపించి, ఇక్కడ నీ అరచెయ్యంత పసుపు ముద్ర వెయ్యి, అది ఆరేదాకా నేను గన్ను ముట్టను అన్నాను. చుట్టూ గట్టిగా పట్టుకుంటే అరచెయ్యంత చోట కరుచుకోకపోయినా గోడ నిలుస్తుందని నా లెక్క. ఆమె కళ్లు మూసుకుని ఏదో అనుకుని చెయ్యి అద్దింది. ఆ పసుపు ఆరడానికి ఒక పూటంతా పట్టింది. పడమటి గాలి చక్కగా వీస్తుంటే, కొట్టడానికి లేక గట్టు మీద కూర్చుని విసుక్కున్నాను. చిన్నాన్న మొట్టమొదటిసారి నోరు తెరిచి, "మన ప్రార్థన పొడిది, ఆమెది తడిది. అంతే తేడా. పొరుమై" అన్నాడు.

ఆరాక చేత్తో తాకి చూశాను, గన్ను పట్టుకున్నాక మళ్లీ తాకి చూశాను. పొర మీద పొర కొట్టాను. నిషేధం తీరిన తరవాత బోటు అన్న అందరికంటే వెనకగా సముద్రం మీదికి పోయాడు, అందుకు నాలుగు మాటలు కూడా అన్నాడు. తిరిగొచ్చినరోజు మాత్రం ఒడ్డునే నిలబడి, ఐసుగడ్డ ఒకటి రెండు చేతులతో ఎత్తి మా చిన్నాన్న ఒళ్లో పెట్టాడు. చిన్నాన్న పంచె తడిసిపోయినా లేవలేదు. మర్నాడు మిషను మా ఇంటి ముందుకొచ్చింది. ఇప్పుడు చిన్నాన్న లేడు, అవ్వా లేదు. మిషను మార్చాను గానీ పద్ధతి మార్చలేదు.

హార్బరుకి చేరేసరికి వడ్రంగులు విసుగ్గా ఉన్నారు. "ఎవరు కొట్టినారక్కా దీన్ని? చెక్క రమ్మంటే ఫోమంతా పీక్కోని వస్తా ఉండాది" అన్నాడొకడు. నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. బోటు అన్న ఊడదీసిన చెక్కని నా వైపు తిప్పాడు. చెక్క నిండా ఫోము ముక్కలు కరుచుకుని ఉన్నాయి, ఒక మూల అరచెయ్యంత చోట తప్ప. అక్కడ మాత్రం చెక్క శుభ్రంగా వదిలొచ్చింది, దాని మీద ఎండా గాలీ తగలని అవ్వ చెయ్యి అయిదు వేళ్లతో పచ్చగా ఉంది. బోటు అన్న కళ్లు తుడుచుకున్నాడు, నేనూ తుడుచుకున్నాను. అలవాటు కొద్దీ తడి ఉందేమోనని అరచెయ్యి ఆనించి చూశాను. ఎప్పటికి ఆరుతుందా అని విసుక్కుంటూ గట్టున కూర్చున్న ఆ పూట, ఎప్పుడో గడిచిపోయిందనుకున్న ఆ పూట, నా చేతికింద ఇంకా అయిపోకుండా ఉంది.