నేను రాసిన పంతొమ్మిది

నా ముప్పయ్యేళ్ళ నర్సు ఉద్యోగంలో దెయ్యమన్న మాట ఎత్తిన ప్రతి ఆయాకీ నా చేత చీవాట్లే. ఆదివారం చర్చికి వెళ్తాను, ప్రార్థన చేసుకుంటాను, అంతవరకే. పోయినవాళ్ళు తిరిగొస్తారంటే నవ్వేదాన్ని. ఇప్పుడు నవ్వను.

స్టీలు ప్లాంటు కడుతున్న రోజులవి. విశాఖ పాత ఊళ్ళో, పూర్ణా మార్కెట్‌కి దగ్గర్లో ఓ చిన్న ప్రసూతి కేంద్రంలో పనిచేసేదాన్ని. బుధవారం పొద్దుట గర్భిణులకి పరీక్షలు. పేరు, ఊరు, వయసు రాసి లోపలికి పంపడం నా పని. పద్దెనిమిది నిండని పిల్లయితే తిన్నగా పెద్దాసుపత్రికే పంపాలని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఆ వయసులో తొలి కాన్పంటే ఒంట్లో రక్తం చాలదు, బీపీ పెరిగి ఫిట్స్ వస్తాయి, బిడ్డ నెలలు నిండకుండానే పుట్టేస్తుంది.

కానీ పెద్దాసుపత్రి అంటే అత్తగార్లకి హడల్. పెళ్ళి ఎప్పుడు చేశారని అడుగుతారు కదా! నిజం రాస్తే మళ్ళీ వారం మొహం చూపించరు, ఇంట్లో మంత్రసాని చేత కానిచ్చేస్తారు. అందుకని నాకో అలవాటయింది. ఏ చిన్న పిల్లొచ్చినా పంతొమ్మిది. మేలు చేస్తున్నాననే అనుకున్నాను.

నూకాలు యారాడ నుంచి వచ్చింది. జాలరి పిల్ల, ఎనిమిదో నెల. బిడ్డ పెరిగితే కాన్పు కష్టమని అత్త పూటకి ఒక్క గ్లాసు గంజే పోసేదట. ఎడమ చెయ్యి వాచి గాజులు బిగుసుకుపోతే, సబ్బు రాసి నేనే తీశాను. ఆకుపచ్చ మట్టిగాజులు. అత్త అటు తిరిగినప్పుడు ఆ పిల్ల నా చెవిలో అంది, "నాకు పదైదే సిస్టరమ్మా."

నేను పంతొమ్మిదే రాశాను. ఆ వాపు చూసి కూడా రాశాను.

పది రోజులకి ఫిట్స్ వచ్చాయి. కొండ దింపి, పడవ మీద హార్బరు ఛానల్ దాటించి తెచ్చేసరికి ప్రాణం లేదు. బిడ్డా దక్కలేదు. గాజులు మాత్రం నా సొరుగులో ఉండిపోయాయి. చెవిలో చెప్పిన ఆ మాట అప్పట్లో నేనెవరికీ చెప్పలేదు. మా ఆయనకీ, పాస్టరుగారికీ కూడా. సిగ్గేసింది, భయం కూడా వేసింది.

మరుసటేడు వేసవిలో ఎలమంచిలి నుంచి రమణమ్మ అనే పిల్ల తల్లితో వచ్చింది. విశాఖ రావడం అదే మొదటిసారి. పట్టపగలు పదకొండు గంటలు. తల్లి పంతొమ్మిదంది. నేను రాయబోతున్నాను.

"పదారు రాయి సిస్టరమ్మా," అంది పిల్ల. తల్లి గుడ్లురిమినా ఆగలేదు. "బయట బల్ల మీద కూకున్న పిల్ల నిజమే సెప్పీమంది. అది నీ సెవిలో పదైదని సెప్పినా నువ్వు పంతొమ్మిది రాసీసినావంట."

కలం పక్కన పెట్టాను. ఎలా ఉందే ఆ పిల్ల అని అడిగాను. కుడిచేతికి పచ్చగాజులు, ఎడమచెయ్యి బోసి అంది. బయటికి పరుగెత్తాను. బల్ల ఖాళీ. రమణమ్మ తప్ప ఆ బల్ల మీద ఎవరూ కూర్చోలేదని, పొద్దుట్నుంచీ గుమ్మంలోనే ఉన్న ఆయా అంది.

పదహారని రాశాను. డాక్టరమ్మ బీపీ చూసి, అప్పటికప్పుడు రిక్షా ఎక్కించి పెద్దాసుపత్రికి పంపింది. నెలన్నర అక్కడే ఉంచారు. బిడ్డ పిడికెడే పుట్టింది. ఇద్దరూ బతికారు.

ఎవరో చెప్పే ఉంటారని యారాడ వెళ్ళి నూకాలు అత్తనీ కదిపి చూశాను. ఆవిడకి ఆ గుసగుస సంగతే తెలీదు. చివరికి నా నోటితో నేనే బయటపెట్టుకుని వచ్చాను.

కొన్నాళ్ళకి టీకాకి బిడ్డనెత్తుకుని వచ్చింది రమణమ్మ. అదే బల్ల మీద కూర్చుని చుట్టూ చూసింది.

"ఆ పిల్లకి కానుపయిపోనాదా సిస్టరమ్మా? ఏటి పుట్టింది?"

ఆ రోజు అక్కడ కూర్చున్నదెవరో ఇవాళ్టికీ చెప్పలేను. రమణమ్మ అడిగినదానికి మాత్రం నాకు జవాబు తెలుసు. బిడ్డని అందుకుని టీకా వేయడానికి లోపలికి తీసుకెళ్ళాను.