మందు అయిపోయాక వచ్చే వణుకు

ఉద్యోగం నాకే వచ్చింది! ఇంకెవరికీ కాదు, నాకే! ఆ మాటే అరుచుకుంటూ కర్లపాలెం నుంచి బాపట్ల పోస్టాఫీసు దాకా సైకిలు తొక్కాను.

ఆ రోజుల్లో కర్లపాలెం పక్కన, పొలాల మీద పురుగుమందు చల్లే చిన్న విమానం ఒకటి దిగేది. దాని దగ్గర మెకానిక్కు పని నేర్చుకునేవాళ్లం ఇద్దరం. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. రెండోవాడిది రేపల్లె, వాడూ బీయస్సీయే. సీజను అయ్యాక ఉంచుకునేది ఒక్కణ్ణే.

పైలట్ గారికి వాడంటే ప్రాణం. దిగగానే "ఏరా తమ్ముడూ" అంటూ వాడి భుజం మీదే చెయ్యి వేసేవాడు. ఇడ్లీ పొట్లం వాడితోనే పంచుకునేవాడు. నన్ను మాత్రం "ఏమండీ గ్రాడ్యుయేటు గారూ" అనేవాడు. వాడు మాత్రం గ్రాడ్యుయేటు కాడా? నాకు ఒళ్లు మండిపోయేది.

సీజను చివర్లో ఒకరోజు ఆయన దిగుతూనే, "ఇంజిను వణుకుతోందిరా" అన్నాడు. మా రేపల్లెవాడు ఇంజిను తిప్పి చూసి, "నేల మీద బంగారంలా ఉందండి సార్" అన్నాడు. మర్నాడూ అదే ఫిర్యాదు, అదే జవాబు.

"అయితే నువ్వే పైకెక్కి చూడరా!"

"ఉన్నది ఒక్కటే సీటండి. మీ ఒళ్లో కూర్చోనా?"

ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వు భరించలేక మధ్యలో దూరాను.

"సార్, వణుకు ట్యాంకులో మందు ఉన్నప్పుడా, అయిపోయాకా అండి?"

ఆయన నవ్వు ఆపాడు. "అయిపోయాకే. తిరిగొచ్చేటప్పుడు."

"అప్పుడు మందు పంపు ఫ్యానుకి బ్రేకు వేస్తున్నారాండి?"

"వెయ్యకేం చేస్తానయ్యా!"

మందు పంపును తిప్పేది విమానం పొట్ట కింద గాలికి తిరిగే ఫ్యాను. నేల మీద అది కదలదు. విప్పి చూస్తే బ్రేకు పట్టీ అరిగిపోయి ఉంది, బ్రేకు వేసినా ఫ్యాను ఆగడం లేదు. ఖాళీ పంపును ఫ్యాను గిరగిరా తిప్పేస్తుంటే విమానమంతా వణుకుతోంది. పట్టీ మార్చాం. మర్నాడు ఆయన దిగి, "ఇవాళ చెప్పడానికేం లేదు" అన్నాడు. నాతోనే అన్నాడు!

ఉద్యోగం సంగతీ ఆయనే చెప్పాడు, మావాడు సెలవు మీద రేపల్లె వెళ్లినప్పుడు. నేను గంతులేస్తుంటే, "పాపం, తమ్ముడికి నేను ఫోన్ చేసి చెబుతాలే" అన్నాడు.

ఇంకా వాడే తమ్ముడు!

పోస్టాఫీసు నుంచి నేను ఫోన్ చెయ్యాల్సినవాళ్లు: తెనాలి రైసుమిల్లుకి, నాన్నను పిలవమని. దుగ్గిరాల పసుపు కొట్టుకి, అక్కకి కబురందించమని. కాలేజీ ఆఫీసుకి, లెక్కల మాస్టారి కోసం. అందరికంటే ముందు రేపల్లెలో వాడి ఇంటి పక్క ఐసు ఫ్యాక్టరీకి, పైలట్ గారి ఫోను అందేలోపే.