ఒక్కసారే కడిగిన పొడి

ఫర్నేస్ తలుపు తెరవగానే నైట్రేట్లు కాలిన ఘాటు ముక్కుకు తగులుతుంది. కోదాడ కాలేజీలో నా విద్యార్థులు దగ్గుతూ పక్కకు జరుగుతారు. నాకు మాత్రం మేరీ సుజాత మేడమ్ గుర్తొస్తారు.

సూర్యాపేటలో ఆమె దగ్గర పరిశోధనకు చేరినప్పుడు నా పని, ఇనుము, మాలిబ్డినం లోహాలు కలిసిన ఆక్సైడు పొడి తయారు చేయడం. ప్రతిసారీ దాన్ని నీళ్లతో మూడుసార్లు కడగాలన్నది పద్ధతి. మిథనాల్ ఆవిరి ఆ పొడి మీదుగా పోతూ ఫార్మాల్డిహైడ్‌గా మారి అక్కడే ఆగాలి. అది కూడా దాటి పూర్తిగా కాలిపోతే శ్రమంతా వృథా. నా మొదటి పొడి అద్భుతంగా పనిచేసింది. మేడమ్ సమీక్ష కమిటీకి గర్వంగా చూపించారు. ఆ తర్వాత నెలల తరబడి ఎన్నిసార్లు చేసినా ఆ ఫలితం మళ్లీ రాలేదు.

మొదటి పొడినీ, తర్వాతి పొడినీ ఎక్స్‌రే పరీక్షకు హైదరాబాదు పంపారు. మొదటిదాని గ్రాఫులో ఒక పీక్, అంటే పైకి లేచిన గీత, అదనంగా ఉంది. మేడమ్ దానిమీద వేలు పెట్టారు.

"గీడ మాలిబ్డినం ఆక్సైడు మిగిలింది. మూడుసార్లు కడిగినవా? నిజం చెప్పు."

 మొదటి పొడి చేసిన రోజు మిర్యాలగూడలో అక్కను కాన్పుకు దవాఖానలో చేర్చారని ఫోనొచ్చింది. పొడిని ఒక్కసారే కడిగి, ఆరబెట్టి, బస్సెక్కాను. నోట్‌బుక్కులో మాత్రం అలవాటుగా మూడుసార్లని రాశాను. తర్వాత గుర్తొచ్చినా, ఫెలోషిప్ పోతుందన్న భయంతో దాచాను. అదంతా ఏడుస్తూ చెప్పాను.

"అక్క కాన్పు మంచిగనే అయిందా?" అని అడిగారు ముందు. నేను తలూపాక అన్నారు: "తొందరల ఒక్కసారి కడుగుడు పెద్ద తప్పు కాదు. మూడుసార్లని రాసుడు తప్పు. రాసింది కొట్టేయకు, కిందనే నిజం రాసి సంతకం పెట్టు. ఇగ గట్లనే కడిగి సూద్దాం."

అలా చేసిన ప్రతి పొడీ బాగా పనిచేసింది. మిగిలిపోయిన మాలిబ్డినమే మేలు చేస్తోందని తేలింది. అయినా మేడమ్ కమిటీ ముందు నిలబడి, "మొదట మేం చెప్పిన పద్ధతి నిజం కాదు. చూడకుండా సంతకం పెట్టింది నేను," అన్నారు. ఒక సభ్యుడు కటువుగా మాట్లాడినా నా పేరెత్తలేదు. నేనే లేచాను.

"రాసింది నేను సార్."

ఫెలోషిప్ ఆరు నెలలు ఆపారు, పరిశోధన మాత్రం సాగనిచ్చారు. ఆ రోజు క్యాంటీన్లో మేడమ్ తన ఇడ్లీ ఒకటి నా ప్లేటులో వేశారు.

తప్పు చేసినప్పుడు ఇప్పటికీ నా గుండె దడదడలాడుతుంది. ఆ దడ తగ్గేదాకా ఆగకుండా, చేసింది చేసినట్టే రాసేస్తాను.