మా మేడమీది అప్ప, ఆమె కొండ

రెండు వారాల కిందట మంగళవారం పొద్దున్న మా మేడమీది అప్ప పోయింది. టీ గ్లాసుతో పైకి వెళ్ళిన మా అమ్మ, ఆ గ్లాసు అలాగే పట్టుకుని దిగొచ్చి మెట్ల మీద కూలబడింది. నిద్రలోనే గుండె ఆగిందన్నారు డాక్టరుగారు. ఆమెను ఇక్కడ ఉంచాలా, తిప్పి పంపాలా అన్నది తేలే వాయిదాకి అప్పటికింకా తొమ్మిది రోజులుంది.

గోపాలపట్నంలో మా పై పోర్షన్‌లో ఆరేళ్ళున్న మనిషి. అప్పంటే మా వైపు అక్క; ఆమె వీధి మొత్తానికీ అప్పే. ఆమెది సముద్రం అవతలి దేశం. అక్కడ తెంలాయి అనే కొండ మీద తరతరాలుగా ఆమె జాతివాళ్ళుండేవారు. అక్కడి ప్రభుత్వం ఆ కొండని గనికి ఇచ్చేస్తే యంత్రాలకి అడ్డం పడుకున్నవాళ్ళలో ఈమె ముందుంది. అన్నదమ్ములిద్దరూ జైల్లోనే పోయారు. ఆమె పడవెక్కి ఇటొచ్చింది. ఆ ప్రభుత్వం కేసులు పెట్టి, తమకు అప్పగించమని మనవాళ్ళని అడుగుతూ ఉంది. వెళితే ఇక బతకదని మా అందరికీ తెలుసు.

తెలుగు జాలరిపేటలో నేర్చుకుంది. వచ్చిన కొత్తలో అక్కడ ఎండుచేపలు ఆరబెట్టే పనికి పోయేదట, అందుకే ఆమె తెలుగు మా అమ్మ తెలుగు కన్నా ఘాటు. వెదురు చిగుళ్ళు ఉడికించిన రోజు ఆ వాసనకి నేను కిటికీలు మూసేసి విసుక్కునేవాణ్ణి. ఇప్పుడు ఆ వాసన తగిలితే బాగుండునని ఉంది. ప్రతి సోమవారం పోలీస్ స్టేషన్‌లో సంతకం పెట్టాలి. ఆ రోజు చీర కట్టేది కాదు. తను నేసుకున్న ఎర్రచారల బట్ట చుట్టుకుని, తల నున్నగా దువ్వుకుని, పెళ్ళికి వెళుతున్నట్టు వెళ్ళేది. సాయంత్రాలు సింహాచలం కొండకేసి తిరిగే కూర్చునేది. మనం అటు వీపు పెడితే ఊరుకునేది కాదు. "కొండకి ఈపు సూపించకూడదు, దానికి కోపమొత్తాది" అని భుజాలు పట్టుకుని తిప్పేసేది.

పోయినేడు విచారణకని ఒక ఇన్‌స్పెక్టరు వచ్చి, ఈమె ఎవరని ఒక్కో గుమ్మంలోనూ అడిగాడు. మావాళ్ళు తెలివితేటలన్నీ చూపించారు. అరకు మనిషని ఒకరు, పాడేరు నుంచి వచ్చిందని ఇంకొకరు. మా అమ్మయితే ఏకంగా తన పినతల్లి కూతుర్ని చేసేసింది. పక్కనే నిలబడి నేనూ తలూపాను. అదంతా రిపోర్టుకెక్కింది. ఇక్కడి మనిషిలా వేషం వేసి దాక్కుందని అవతలి లాయరు పట్టుకున్నాడు. మా ప్రేమ పోయి ఆమె మెడకే చుట్టుకుంది.

ఆ రోజు కోర్టు నుంచి వచ్చి అప్ప మా వంటింటి గుమ్మంలో కూర్చుంది. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"నాను తెంలాయి మనిసినని సెప్పుకోడానికే గదమ్మా ఇన్ని పాట్లు. మీ మనిసినంటే, ఆ కొండ మీద ఎప్పుడూ ఎవులూ లేరన్నట్టే. అక్కడి పెబుత్వపోల్లనేదీ అదే."

"నిన్ను ఒట్టుకెలిపోతారని బయమేసి సెప్పీసినానప్పా," అంది అమ్మ.

ఆఖరి వాయిదాకి అమ్మని సాక్షిగా పిలిపిద్దామన్నాడు మా లాయరు. అమ్మే నిజం చెబితే రిపోర్టు దెబ్బ కొంత తగ్గుతుందన్నాడు. అప్పట్నించి అప్ప దగ్గర అమ్మకి పాఠాలు. కొండ పేరు అనబోతే అమ్మకి నోరు తిరిగేది కాదు. అప్ప నవ్వి నవ్వి మళ్ళీ అనమనేది.

అప్ప పోయాక, మనిషే లేనప్పుడు కేసూ ఉండదు, చనిపోయినట్టు కాగితం దాఖలు చేస్తే చాలు, మీరు రానక్కర్లేదన్నాడు లాయరు. అమ్మ వినలేదు. మొన్న గురువారం నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. బంట్రోతు అప్ప పేరు మూడుసార్లు పిలిచాడు. మూడోసారికి అమ్మ లేచి బోనులోకి వెళ్ళి నిలబడింది. ఆమె మీకేమవుతుందని జడ్జిగారు మెల్లిగా అడిగారు.

"మాకేటీ కాదు బాబూ. నానప్పుడు అబద్దం సెప్పినాను. ఆవిడ తెంలాయి కొండ మనిసి."

ఒక్క అక్షరం తడబడలేదు. జడ్జిగారు తలవంచి రాసుకోవడం పూర్తయ్యేదాకా, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, అమ్మ ఆ బోనులోంచి కదల్లేదు.