మావయ్య చూడని మ్యాచ్

పక్క క్వార్టర్ మావయ్య పోయారని రెండు వారాల కిందట పొద్దున్నే అమ్మ ఫోన్ చేసింది. వినగానే నాకొక ఫుట్‌బాల్ మ్యాచ్ గుర్తొచ్చింది. మనిషి పోయాడంటే ముందు మనిషి గుర్తుకు రావాలి కదా అని నా మీద నాకే కోపం వచ్చింది. ఏం చెయ్యను, ఆయన్ని చూసినప్పుడల్లా నన్ను పట్టుకునేది ఆ మ్యాచే.

భిలాయి సెక్టర్ సిక్స్‌లో మాకూ వాళ్ళకీ ఒకటే గోడ. నాన్నా ఆయనా స్టీల్ ప్లాంటులో ఒకే పని, వేర్వేరు షిఫ్టులు. శ్రీకాకుళం వైపు పల్లె నుంచి వచ్చిన మనిషికి ఫుట్‌బాల్ పిచ్చి ఎలా పట్టిందో తెలీదు. అంతా వెనక వీధి బెంగాలీల చలవేనని అత్తయ్య గొణిగేది. సాయంత్రాలు సెక్టర్ పిల్లల్ని పోగేసి ఆడించేవారు. కాళ్ళకి బూట్లు కూడా లేని టీం వస్తే మావాళ్ళు నవ్వేవారు. అప్పుడు ఆయనకి ఒళ్ళు మండేది. "సిన్న టీం అని నవ్వకండ్రా. ఆళ్ళూ అన్నం తినే వొచ్చారు" అనేవారు.

ఎనభైల్లో, నా చిన్నప్పుడు, కలకత్తాలో మన దేశానికి ఓ పెద్ద కప్పుకి వెళ్ళే అర్హత మ్యాచ్ పడింది. ఎదుటిది ఎవరూ లెక్కచెయ్యని చిన్న దేశం. మన జట్టుని ఒక్కసారైనా కళ్ళారా చూడాలని మావయ్య కోరిక. బదులు మనిషి ఉంటేగానీ ప్లాంటులో కదలడానికి లేదు. అందుకని దసరాకీ హోలీకీ వాళ్ళవీ వీళ్ళవీ డ్యూటీలు తను చేసిపెట్టి సెలవు కూడబెట్టుకుని, మ్యాచ్ రోజులకి నాన్నని తన షిఫ్టుకి ఒప్పించుకున్నారు. తోడుగా ఇంకో స్నేహితుడు. పక్క ఊరు దుర్గ్‌లో రైలెక్కాలి.

బయల్దేరే మధ్యాహ్నం సంచీ భుజాన వేసుకుని, అమ్మకి చెప్పి వెళ్దామని మా ఇంటికొచ్చారు. అప్పటికి జ్వరం ముదిరి నాకు ఫిట్స్ వచ్చాయి. అమ్మకి హిందీ ముక్క రాదు. నాన్న ప్లాంటులో మావయ్య షిఫ్టు చేస్తున్నారు.

నన్ను ఒళ్ళో వేసుకుని అమ్మ సైకిల్ వెనక కూర్చుందట. ఆయన ఆస్పత్రిదాకా తొక్కారట. నన్ను చేర్చుకున్నాక అమ్మ, "బండికి వేళైపోతంది, మీరెల్లిపోండి అన్నయ్యా" అందట.

"మీ ఆయన నా డూటీ సేత్తన్నాడు. ఆయన డూటీ నాను సెయ్యొద్దేటమ్మా?" అన్నారట.

స్నేహితుడు ఒక్కడే వెళ్ళాడు. నాకు తెలివొచ్చేసరికి మంచం పక్కన మావయ్య ఉన్నారు, కాళ్ళ దగ్గర ఆ సంచీ ఉంది.

అమ్మ ఈ కథ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. నాకు తలెత్తబుద్ధయ్యేది కాదు. ఓసారి ఆయన్నే అడిగేశాను, నా వల్లే కదా మీరు వెళ్ళలేదని. "ఏటుందే అందులో? బక్క టీం. ఊదితే ఎగిరిపోతారు. సూడకపోతే ఏటి పోనాది?" అన్నారు. నమ్మేశాను. హాయిగా కూడా అనిపించింది.

కాలేజీకొచ్చాక గానీ బుర్రకి తట్టలేదు. ఏ చిన్న టీంనీ పల్లెత్తు మాట అననివ్వని మనిషి, ఆ ఒక్క టీంనే ఎందుకంత తీసిపారేశారు? నా కోసం. అది తెలిశాక ఆయన ముందు కూర్చోవడం మరీ కష్టమైంది. రిటైరై భిలాయి పక్కనే కోహ్కాలో ఇల్లు కట్టుకున్నారు. నేనుండేది గంట దూరంలో రాయ్‌పూర్‌లోనే, అయినా పండక్కో పబ్బానికో మాత్రమే వెళ్ళేదాన్ని. "పరీచ్చకొచ్చినదానిలా కూకున్నావేటే" అని నవ్వేవారు. నేను త్వరగా లేచి వచ్చేసేదాన్ని. మీరే చెప్పండి, మేలు చేసినవాళ్ళకి దూరంగా తిరగడం ఏం మర్యాద?

మొన్న కర్మ రోజున భోజనాలయ్యాక, కలకత్తా వెళ్ళొచ్చిన ఆ స్నేహితుడు అందరి మధ్యా కూర్చుని మ్యాచ్ కథ ఎత్తుకున్నారు. వానలో ఆట. ముందు గోలు కొట్టింది ఆ చిన్న దేశమేనట. స్టేడియమంతా నోరు పడిపోయిందట. ఆయన ఒకచోట తడబడితే అత్తయ్య పక్కనుంచి, "మన గోల్‌కీపరు బురదలో జారిపోనాడు, అది సెప్పనేదు" అని అందించింది.

"నువ్వెప్పుడు చూశావత్తయ్యా?" అన్నాను.

"నానెక్కడ సూసాను! ఈ బాబొచ్చినప్పుడల్లా మీ మావయ్య మొదట్నించీ సెప్పించుకునేవోరు. ఎన్నిసార్లు విన్నా కొత్తే. నువ్వొచ్చావంటే మటుకు ఆపీమనేవోరు."

ఆ పెద్దాయన మళ్ళీ అందుకున్నారు. ఆట చివరికొచ్చింది, మనవాళ్ళు ఒక గోలు వెనకే ఉన్నారు, బంతి మనవాళ్ళ కాళ్ళలో ఉంది. అక్కడికొచ్చేసరికి ఆయన అలవాటుకొద్దీ గొంతు తగ్గించి, నేనొస్తున్నానేమోనని గేటు వైపు చూశారు. నేను ఆయన ఎదురుగానే కూర్చుని ఉన్నాను.