ఫుల్క్రాన్ దెల్మాస్ కొన్న ఆవు

మా ఓబ్రాక్ కొండల నుంచి పారిస్ శాసనసభకు ఫుల్క్రాన్ దెల్మాస్‌ను ఎన్నుకున్నది ఒక ఆవు. ఆవుకు ఓటు లేదని నాకూ తెలుసు. అబద్ధమాడకూడదని నేర్పిన కాన్వెంటు సిస్టర్ల దగ్గర చదువుకున్నవాణ్ణి కాబట్టి ఆ మాట కొంత వెనక్కి తీసుకుంటాను. ఓట్లు వేసింది మనుషులే, వేయించింది మాత్రం ఆవు.

దెల్మాస్ మా కొండల్లోనే పుట్టి, ఇరవై ఏళ్లు ట్యునిస్‌లో ఫ్రాన్స్ కాన్సులుగా పనిచేశాడు. కత్తులు దూసుకున్న తెగలను కూర్చోబెట్టి, కాఫీ తాగించి రాజీ చేసేవాడంటారు. చక్రవర్తి పోయి రిపబ్లిక్ వచ్చిన కొత్తలో తిరిగొచ్చి ఎన్నికల్లో నిలబడ్డాడు. ఆయన మీద పోటీ చేసిన నోటరీ ఊరూరా ఒకటే మాట చాటాడు: ఈయన మన పద్ధతులు మరిచిపోయాడు, పరాయివాడైపోయాడు. ఆ మాట జనానికి ఎక్కింది కూడా.

ఎన్నికకు వారం ముందు పశువుల సంత. భర్త పోయిన ముసలమ్మ యూఫ్రాజీ తన ఎర్రావును పట్టుకుని నిలబడింది. పాలకు కూర్చుంటే తన్నే ఆవు, ఎవరూ కొనరు. ఆమె ధర చెప్పి అరచెయ్యి చాచింది. దెల్మాస్ పలకరింపు అనుకుని నవ్వుతూ ఆ చేతిలో చెయ్యి వేసి కొట్టాడు. మా సంతలో చెయ్యి కొడితే బేరం ముగిసినట్టే.

"చెయ్యి కొట్టావు నాయనా. ఇక తాడు పట్టుకో," అంది ముసలమ్మ.

సంతంతా నవ్వింది. నోటరీ మనిషి ఒకడు ముందుకొచ్చాడు. "తెలీక కొట్టానని చెప్పండి కాన్సులుగారూ, వదిలేస్తుంది. పాపం, ట్యునిస్‌లో ఒంటెల బేరాలే కదా."

తెలీదంటే పరాయివాడినని ఒప్పుకున్నట్టు. వద్దంటే మాట మీద నిలబడనివాడు. కొంటే నవ్వులపాలు. దెల్మాస్ కాసేపు గడ్డం నిమురుకున్నాడు.

"కొట్టిన చెయ్యి నాదే కదయ్యా," అని డబ్బిచ్చి తాడు అందుకున్నాడు.

సత్రంలో దిగిన మనిషికి కొట్టం ఎక్కడిది? ఆవును వెంటబెట్టుకునే ప్రచారానికి తిరిగాడు. సభ మధ్యలో అది అరిస్తే, ఎదుటిపక్షాన్ని కూడా మాట్లాడనివ్వాలంటూ ఆగేవాడు. ఒకచోట అది నోటరీ పోస్టర్లున్న గోడను తన్ని కూల్చిందట. అది నేను చూడలేదు, కాని గోడ లేకపోవడం చూశాను. తన్నకుండా పాలు పితకడం ఎలాగని గడప గడపకూ అడిగాడు. సలహా ఇచ్చిన ప్రతి ఇల్లూ ఆయన్ని తన మనిషిని చేసుకుంది. ఎన్నిక జరిగిన ఆదివారం నోటరీ సొంత ఊళ్లోనే ఓడిపోయాడు.

మొన్న దెల్మాస్ ఎనభయ్యో పుట్టినరోజు విందులో ఇదంతా ఆయన ఎదుటే చెప్పాను. ఆయన గ్లాసు పక్కన పెట్టాడు.

"నేను ఏ ఆవునూ కొనలేదు," అన్నాడు. "ఆ రోజు అసలు సంతకే పోలేదు."